గోత్రానికి అందని లెక్క
ఉగాది సభలో చేసిన ప్రసంగం



పంచాంగశ్రవణం అయినది. ఆదాయ వ్యయాలు విన్నారు. మరొక లెక్క కూడా వినిపించవలసిందని సంఘం వారు మమ్మల్ని కోరినారు. అది వంశపారంపర్యపు లెక్క.

మనవాళ్లు తెలుగుదేశం విడిచి తరాలు గడిచినవి. ఊరి పొలిమేరలు మరచినా ఇంటిపేరూ గోత్రమూ మరువలేదు. ఈ రెండూ తండ్రి వైపు నుండే వస్తవి. శరీరపు వారసత్వం అట్లా కాదు. సగం తండ్రిది, సగం తల్లిది. ప్రకృతికి ఇంటిపేర్లతో పని లేదు.

దీన్ని లెక్కకట్టి చూపినవాడు గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. నేటి చెక్ దేశంలోని బ్రనో పట్టణపు మఠంలో 1856 నుండి కొన్నేళ్లపాటు బటానీ మొక్కలు పెంచాడు. గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రనివే! ముడుతలు మాయమైనవి. ఆ గింజలనే మళ్లీ నాటి, తమలో తామే కాయనిచ్చి, వచ్చిన 7,324 గింజలూ లెక్కపెట్టాడు. గుండ్రనివి 5,474, ముడుతలవి 1,850. ఇంచుమించు మూడింటికి ఒకటి. అంటే ముడుత గుణం చావలేదు, దాగి ఉన్నదన్నమాట. ఒక్కొక్క గుణానికి రెండేసి అంశాలుంటవి. తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. నేడు వీటిని జన్యువులంటున్నాం. ఒకటి పైకి కనబడితే మరొకటి మరుగున ఉండవచ్చు. సంతానానికి పోయేటప్పుడు రెండూ విడిపోయి ఏదో ఒక్కటే పోతుంది. 1866లో అచ్చయిన ఈ సంగతిని లోకం గుర్తించినది 1900లో. అప్పటికి ఆయన పోయి పదహారేళ్లు!

ఒంటి రంగు, ఎత్తు వంటివి అనేక జన్యువుల కూడిక. అక్కడ ఈ సులువైన లెక్క చెల్లదు. కొన్ని జబ్బులు మాత్రం బటానీ గింజల దారినే నడుస్తవి. పశ్చిమ ఒడిశాలో, విదర్భలో ఉన్న మనవారికి సికిల్‌సెల్ పేరు కొత్త కాదు. తలసీమియా కూడా అట్టిదే. చెడిన జన్యువు ఒక్కటే ఉన్నవాడు సాధారణంగా ఆరోగ్యంగానే తిరుగుతాడు. ఆ సంగతి అతనికే తెలియదు. ఆలుమగలిద్దరూ అట్టివారైతే ప్రతి కానుపులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. ఒక బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురూ క్షేమమని ధైర్యపడేవారున్నారు. బొమ్మా బొరుసూ వేసేటప్పుడు రూపాయికి వెనుకటి ఆట జ్ఞాపకం ఉంటుందా?

ఇక మేనరికం. పరాయి భాషల నడుమ తెలుగు సంబంధం దొరకడం కష్టం గనుక ఉన్న నాలుగిళ్లలోనే ఇచ్చి పుచ్చుకున్నాం. ఇంట తెలుగు నిలిచింది. పిల్ల కళ్లెదుటనే ఉన్నది. ఆ మేలు మేము కాదనము. గోత్రాలు వేరు గనుక బాధ లేదంటారు. గోత్రం చూసేది ఒక్క తండ్రి వరుసనే గదా! మేనబావా మరదళ్లకు తాతా అవ్వా ఒకరే. సగటున జన్యువులలో ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామా మేనకోడళ్లకైతే నాలుగో వంతు. తాతలో దాగిన చెడు జన్యువు రెండు దారుల వచ్చి మనుమని బిడ్డలో కలుసుకోవచ్చు. అన్ని ఇళ్లలోనూ జరుగుతుందని కాదు, అవకాశం పెరుగుతుందని.

ఆంధ్రలో ఇట్టి వివాహాలను హాల్డేన్ మహాశయుని శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావుగారు పరిశీలించి, మరొకరితో కలిసి 1963లో ప్రకటించారు. ఆ హాల్డేన్ 1964లో భువనేశ్వరంలో పోయారు. దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వ్రాసి ఇచ్చారు. యానాం వారికి అది పొరుగూరే.

జబ్బుబిడ్డ పుడితే “కోడలి వైపు ఏదో ఉన్నది” అంటారు. ఇట్టి దాగిన జబ్బుకు ఇద్దరి వాటా ఉండాలి. అందరూ ఆడపిల్లలేనని తల్లిని ఆడిపోసుకునేవారూ ఉన్నారు. తల్లి ఇవ్వగలిగినది ఎక్స్ ఒక్కటే. ఎక్స్ గాని, వై గాని వచ్చేది తండ్రి నుండి. అదీ ఆయన చేతిలో లేదు.

సికిల్‌సెల్, తలసీమియా జన్యువులు దాగి ఉన్నదీ లేనిదీ రక్తపరీక్షలో తెలుస్తుంది. సికిల్‌సెల్‌కు 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టింది. తాంబూలాలు పుచ్చుకున్న తరువాత పరీక్ష మాటెత్తితే మనసులు నొచ్చుకుంటవి. మాటలు మొదలైనప్పుడే, మగపెళ్లివారు ముందుగా తమ పిల్లవానికి చేయించి ఆ కాగితం జాతకంతోపాటు పంపితే, ఆడపిల్ల తండ్రికి అడగవలసిన మొగమాటం తప్పుతుంది.