ఎదిగిన పిల్లలతో గోదావరి ప్రయాణం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "పింఛన్ల సంగతి, డి.ఎ. బకాయిల సంగతి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారండీ, మీరు ఇంటి సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. మనలో చాలామందికి ఇప్పుడు 16 నుంచి 19 ఏళ్ళ వయసు మనవలు, మనవరాళ్ళు ఉన్నారు. ఆ వయసు పిల్లల్ని కుటుంబంతో పాటు పడవ ప్రయాణానికి తీసుకువెళ్ళడం గురించి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను. విషయం చిన్నదిగా కనబడవచ్చు. చివరిదాకా విన్నాక దాని బరువెంతో మీరే నిర్ణయించండి.

నేను ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైన సంగతి మీలో చాలామందికి తెలుసు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి, గౌతమికీ వశిష్ఠకీ నడుమ మన కోనసీమను నిలబెట్టింది. వైనతేయ మన మధ్యనుంచే పోతోంది. మన తరానికి పడవంటే విహారం కాదు, అవసరం. 2002లో ఎదుర్లంక–యానాం బాలయోగి వారధి వచ్చేవరకు మనం కాకినాడ పోవాలంటే రేవు దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులోనూ, సఖినేటిపల్లి–నరసాపురం పంటు మీదా మనం ఎన్ని గంటలు కాసుకు కూర్చున్నామో లెక్కే లేదు. అందుకని 1973లో బాపుగారి 'అందాలరాముడు' సినిమాలో జనం సరదాగా పడవెక్కి భద్రాచలం పోతుంటే మనకది వింతగా ఉండేది. మన పిల్లలు 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' చూశారు. వాళ్ళ పిల్లలకు రెండూ పాత సినిమాలే.

ఈ మనవల వయసు ఒక చిత్రమైన వయసు. చట్టం ప్రకారం 18 నిండితే మేజరు. 1989 నుంచి ఓటు కూడా 18కే వచ్చింది. కాని ఇంట్లో వాడికి అన్నం తిన్నావా, ఫోను పక్కన పెట్టావా అనే ప్రశ్నలే ఇంకా నడుస్తుంటాయి. ఈ చిక్కు మన ఒక్కళ్ళదే కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు మయామీ నుంచో గాల్వెస్టన్ నుంచో పెద్ద విహారనౌకలు ఎక్కుతుంటారు. ఆ నౌకల్లో 17 ఏళ్ళ వరకు పిల్లలకు విడిగా ఒక క్లబ్బు ఉంటుంది. 18 నిండగానే వాడికి అందులోకి ప్రవేశం ఉండదు. మరి వాడు పూర్తిగా పెద్దవాడయ్యాడా అంటే, అక్కడి రేవుల నుంచి బయలుదేరే చాలా కంపెనీలు 21 ఏళ్ళు నిండనివాడికి పెద్దల తోడు లేకుండా గది ఇవ్వవు. అంటే అంతటి కంపెనీలకే వాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలలేదు. 2022 జూన్‌లో అటువంటి నౌకే ఒకటి మన విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణం పెట్టింది. పేపర్లో ఆ ఫొటో చూసి మా ఆవిడ ముచ్చటపడింది. మన పింఛనుకి పాపికొండలు చాలునన్నాను.

కిందటేడు సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు వచ్చారు. మా మనవడు హాస్టలు నుంచి నాలుగు రోజుల సెలవు మీద వచ్చాడు. వాడికి అప్పటికి 17 ఏళ్ళ 8 నెలలు. ఇంటర్ అయిపోయింది. నీట్ ఒకసారి రాశాడు, సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగులో ఉన్నాడు. తెల్లవారుఝామున లేపి రాత్రి పది దాటేదాకా చదివించే చోటు. ఏ ఊరు, ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. వాడు మనిషి చిక్కిపోయాడు. అంతకంటె నాకు భయమేసింది ఏమిటంటే, మాట తగ్గిపోయింది. ఏం అడిగినా "ఊఁ", "పర్లేదు" అనే రెండు మాటలే. హాస్టళ్ళలో పిల్లలు ఏమవుతున్నారో మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం కదా. నేను దాన్ని ఇంకా విప్పి చెప్పక్కర్లేదు.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసివచ్చాక, ఎల్లుండి పాపికొండలు వెళదామన్నాను. చిన్నది ఎగిరి గంతేసింది. మనవడు, "నేను రానండి తాతగారూ, ఇంట్లో పడుకుంటాను" అన్నాడు. వాళ్ళ నాన్న కసరబోయాడు. నేను ఆగమని సైగ చేసి మనవడితో ఇలా అన్నాను. "నువ్వు రాకపోయినా ఫరవాలేదు. కాని నాకొక పని చేసిపెట్టు. మనం ఆరుగురం నీళ్ళమీదకు పోతున్నాం. ఆ బోటు సంగతి, అక్కడి భద్రత సంగతి విచారించి, వెళ్ళవచ్చో వద్దో నువ్వే చెప్పు. నువ్వు వద్దంటే మానేద్దాం."

ఆ మాట నేను ఊరికే అనలేదు. నిజంగా వాడి మాటకు కట్టుబడి ఉండాలనే అన్నాను. పెద్దపిల్లలకు పని ఇవ్వడమంటే మంచినీళ్ళ సీసాలు మోయించడం కాదు. వాడు కాదంటే ఆగిపోయే పని ఇవ్వాలి. అప్పుడే వాడు పనిలోకి దిగుతాడు.

రాత్రి భోజనాల వేళకు వాడు అంతా చదివి వచ్చాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిన సంగతి మనకు బాగా గుర్తే. వాడికి అప్పటికి పన్నెండేళ్ళు, అంతగా తెలియదు. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద. బోటులో 70 మందికి పైగా ఉంటే ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. కాకినాడ ధర్మాడి సత్యంగారి బృందం దాన్ని అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది. అంతకు ముందు ఏడాది, 2018 జులైలో, మన ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు గౌతమిలో పోయారు. అదీ చదివాడు. "తాతగారూ, వరద రోజుల్లో ఎందుకు వదిలారండీ?" అని అడిగాడు. అది వాడు ఆ నాలుగు రోజుల్లో నన్నడిగిన మొదటి ప్రశ్న.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎందుకిస్తారో చెప్పాను. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు లంకలు ఏమయ్యాయో చెప్పాను. పాపికొండల దగ్గర నది ఇరుకైపోతుంది కాబట్టి వరదలో అక్కడ సుడులు లేస్తాయనీ, జనవరిలో నీరు నెమ్మదిగా ఉంటుందనీ చెప్పాను. కచ్చులూరు తర్వాత బోట్లు ఆపేసి, కంట్రోల్ రూములు పెట్టి, ఆ పైనే మళ్ళీ అనుమతించారని వాడు నాకు చెప్పాడు. 1917 నాటి చట్టం బదులు 2021లో దేశంలో అంతర్దేశీయ నౌకలకు కొత్త చట్టం వచ్చిందని కూడా వాడే చెప్పాడు. ఇరిగేషన్ వాణ్ణి, నాకే ఆ సంగతి కొత్త. చివరికి, "వెళ్ళవచ్చండి. కాని లైఫ్ జాకెట్లు అందరూ వేసుకోవాలి. నేనూ వస్తాను" అన్నాడు.

నాలుగు గంటలకు అమలాపురంలో బయలుదేరి, రాజమండ్రి మీదుగా గండి పోచమ్మ గుడి దగ్గరకు చేరాం. రేవులో వాడు సరంగు దగ్గరకు వెళ్ళి, "జాకెట్లు ఎన్ని ఉన్నాయండీ, మనుషులెంతమంది ఎక్కుతున్నారు?" అని అడిగాడు. ఆయన నవ్వి, "ఆయ్, లెక్కెట్టుకోండి బాబూ" అన్నాడు. వీడు నిజంగానే లెక్కపెట్టాడు. మా కోడలు పట్టుచీర మీద జాకెట్టు బాగుండదు, ఫొటో దిగాక వేసుకుంటానంది. "అమ్మా, ఫొటో జాకెట్టుతోనే" అన్నాడు. ఆవిడ నావైపు చూసింది. "మావయ్యగారూ, మీరైనా చెప్పండి" అంది. "ఇవాళ ఆఫీసరు వాడేనమ్మా" అన్నాను. వేసుకుంది.

దేవీపట్నం దాటాక ఫోన్లలో సిగ్నలు పోయింది. ప్రాజెక్టు నీళ్ళలోకి పోయిన ఇళ్ళ జాడలు అందరూ చూస్తూ కాసేపు నిశ్శబ్దంగా ఉన్నారు. తర్వాత కింది డెక్కులో మైకు పెట్టి డ్యాన్సులు మొదలెట్టారు. చిన్నది అక్కడే ఉండిపోయింది. మనవడు పైకి వెళ్ళి ఒక మూల కూర్చున్నాడు. వాళ్ళ నాన్న వెంటనే లేవబోతే నేను చెయ్యిపట్టుకుని ఆపాను. గంట సేపు వాడి దగ్గరకు ఎవ్వరం పోలేదు. పెద్దపిల్లలకు బోటులో ఒంటరిగా కూర్చునే చోటు ఇవ్వాలి. రెయిలింగు దాటకూడదు, జాకెట్టు విప్పకూడదు. ఈ రెండూ తప్ప మరో షరతు పెట్టకూడదు.

కొండలు దగ్గరపడే వేళకు నేను పైకి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపయ్యాక వాడే అన్నాడు. "తాతగారూ, ఈ మే నెలలో పరీక్ష రాస్తానండి. సీటు రాకపోతే మాత్రం ఇంకో ఏడాది ఆ హాస్టల్లో ఉండలేనండి. నాన్నకి ఎలా చెప్పాలో తెలీట్లేదు."

తలతిప్పి చూస్తే మా అబ్బాయి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఇంట్లో అయితే వాడు విసురుగా బయటికి పోయేవాడు. వీడు గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. బోటులో ఎక్కడికీ పోలేరు. ముగ్గురం అక్కడే ఉన్నాం. "ఎందుకురా ఉండలేవు?" అన్నాడు మా అబ్బాయి, గొంతు పెంచకుండా. పేరంటాలపల్లి రేవు వచ్చేదాకా మనవడు చెబుతూనే ఉన్నాడు. నిద్ర పట్టని సంగతి, వారం వారం పరీక్షల మార్కులు గోడకు అంటించే సంగతి, పక్క మంచం కుర్రాడు ఓ రాత్రి సామాను సర్దుకుని వెళ్ళిపోయిన సంగతి. వాళ్ళ నాన్న ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు. నేనూ సలహా ఇవ్వలేదు. తాతలకది కష్టమైన పని, అయినా ఇవ్వలేదు.

పేరంటాలపల్లిలో దిగి, మెట్లెక్కి శివాలయంలో దండం పెట్టుకుని, కొండమీది నుంచి వచ్చే నీళ్ళు తాగి తిరిగి బోటెక్కాం. ఎక్కేటప్పుడు మనవడు మళ్ళీ మమ్మల్నందర్నీ లెక్కపెట్టాడు. ఒకరు తక్కువయ్యారు. వెనక వెదురు బొమ్మలు బేరమాడుతున్న మా ఆవిడని వాడే వెళ్ళి తీసుకొచ్చాడు.

ఆ ఒక్క రోజుతో అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. మే నెలలో పరీక్ష రాశాడు. సీటు రాలేదు. ఇంట్లో వారం రోజులు బరువుగానే గడిచింది. కాని రెండో లాంగ్ టర్ముకి పంపలేదు. ఇప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాడు. శనివారం సాయంత్రం బస్సెక్కి మా ఇంటికి వస్తాడు, రెండు ముద్దలు ఎక్కువే తింటాడు. మా అబ్బాయికి ఇంకా డాక్టరు కోరిక పూర్తిగా పోలేదు. అది తండ్రి మనసు, దాన్ని నేను తప్పుపట్టను. కాని వారానికోసారి కొడుక్కి ఫోను చేస్తే, మార్కుల మాట ఎత్తకముందు నిద్ర పడుతోందా అని అడుగుతున్నాడు. నాకది చాలు.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ వయసు పిల్లవాడు ప్రయాణానికి రానంటే, మన మీద ప్రేమ లేక కాదు. చిన్నపిల్లవాడిలా వెంట తిప్పుతామని భయం. వాడి మీద మన ప్రాణాలు కొంత పెట్టి చూడండి, వాడు వాడి మనసు మనముందు పెడతాడు. అందుకు పెద్ద నౌకలు అక్కర్లేదు. పాపికొండలు కాకపోతే సఖినేటిపల్లి పంటు ఎక్కినా చాలు, కోటిపల్లి రేవు దాటినా చాలు. వరద రోజుల్లో మాత్రం వద్దు. జాకెట్టు లేని పడవ వద్దు.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. కార్తీకమాసంలో మన సంఘం వనభోజనాలకు వెళ్ళడం ఆనవాయితీ. ఈసారి మనవలను, మనవరాళ్ళను కూడా తీసుకువద్దాం. మనుషులను లెక్కపెట్టే పుస్తకం, మందుల పెట్టె, పడవ మాట్లాడే పని, ఈ మూడూ వాళ్ళకే అప్పగిద్దాం. మనం ఉద్యోగాల్లో ఎన్నో ఛార్జీలు అప్పగించి వచ్చినవాళ్ళమే, ఈ ఛార్జీ కూడా సంతకం పెట్టి ఇచ్చేద్దాం.