బడి రిజిస్టరులో రెండు గడులు

(రామన్నపేటలో గ్రామీణ మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో కతోలిక బడుల చరిత్ర గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను చరిత్రకారిణిని కాను. అట్లాంటి ఒక బడి బోర్డింగులో ఉండి పదో తరగతి దాకా చదువుకున్న మాదిగ ఇంటి ఆడపిల్లను. నాకు తెలిసింది, తర్వాత చదివి తెలుసుకున్నది కలిపి చెప్తాను.

బడి చరిత్ర అనగానే జూబిలీ సంచికలు గుర్తుకొస్తాయి. వాటిలో మేత్రాణుల ఆశీస్సులు, శంకుస్థాపన ఫోటో, ఫలితాల శాతం ఉంటాయి. ఆ బడి ఊడ్చిన ఆయమ్మ ఉండదు, మధ్యలో మానేసిన పిల్ల ఉండదు. నా లెక్కలో బడి అసలు చరిత్ర అడ్మిషన్ రిజిస్టరులో ఉంటుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, చేరిన తేదీ, మానిన తేదీ, మానడానికి కారణం అని వరుసగా గడులు గీసి ఉంటాయి. ఆడపిల్లల వరుసలో ఆఖరి గడి చూడండి. చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. లేదంటే 'పెళ్ళి' అని ఉంటుంది. ఇవ్వాళ నేను ముఖ్యంగా మధ్యలో ఉన్న రెండు గడుల గురించి మాట్లాడతాను, మతం, కులం. కానీ ఆ గడుల దాకా రావాలంటే ముందు బడి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మన నల్గొండ పల్లెల్లోని సిస్టర్ల బోర్డింగు కథ సికింద్రాబాదు దండులో మొదలైంది. 1871లో ఇటలీలోని టూరిన్ నగరం నుంచి సెయింట్ ఆన్ సభకు చెందిన మఠకన్యలు సికింద్రాబాదు వచ్చి బడి పెట్టారు. అదే ఇప్పటి సెయింట్ ఆన్స్ హైస్కూలు. ఆ సభను 1834లో స్థాపించింది జూలియా బరోలో అనే ధనిక కుటుంబపు స్త్రీ, భర్త కార్లోతో కలిసి. ఈమె గురించి రెండు మాటలు చెప్పాలనిపిస్తున్నది. టూరిన్ జైళ్ళలో ఆడవాళ్ళు పడే నరకం చూసి, వాళ్ళ కోసం కొట్లాడింది. వాళ్ళకు చదువు చెప్పడానికి తానే జైలుకు పోయేది. 1825లో కూలి పనికి పోయే తల్లుల పిల్లల కోసం తన భవంతిలోనే బాలవాడి తెరిచింది. మన సంఘాలు ఇప్పుడు అడుగుతున్న పని ప్రదేశంలో పిల్లల కేంద్రం, అంటే క్రెష్, ఆమెకు రెండు వందల ఏళ్ళ కిందటే తోచింది.

అయితే ఆమె పంపిన వారసత్వం ఇక్కడికి వచ్చి ఎవరి గడప ముందు ఆగింది? కంటోన్మెంటులో ఉన్న తెల్ల సైనికుల కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్లు, తర్వాత నిజాం కొలువులోని పెద్ద ఉద్యోగుల బిడ్డలు, వీళ్ళకే ముందు అందింది. 1904లో హైదరాబాదులో వచ్చిన రోజరీ కాన్వెంటు కూడా ఆ దారిలోనే నడిచింది. 'కాన్వెంటు' అనే మాట మన భాషలో మఠం అనే అర్థం పోగొట్టుకుని, బూట్లు టై వేసుకుని పోయే బడి అనే అర్థం తెచ్చుకున్నది ఈ కారణంగానే. ఇంటర్నెట్టు సెంటరు పక్కన రేకుల షెడ్డులో పెట్టిన బడికి కూడా మనవాళ్ళు కాన్వెంటు అని బోర్డు రాస్తారు!

అదే కాలంలో మన వాడల్లో ఏముంది? నిజాం రాజ్యంలో పై చదువంతా ఉర్దూలో. 1920లలో ఖాన్గీ బడి పెట్టాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి చేశారు. వెట్టి చేసే ఇంటి పిల్లకు బడి అనే ఆలోచనే లేదు. ఒక సంగతి మాత్రం మరచిపోవద్దు. చదువు తెల్లవాళ్ళే తెచ్చారనేది నిజం కాదు. మన భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచే హైదరాబాదులో అంటరాని పిల్లల కోసం బడులు పెట్టి నడిపాడు. మిషన్ల సొమ్ము లేకుండా, మనవాళ్ళు మన పిల్లల కోసం నడిపిన బడులవి. జూబిలీ సంచికలు వాటి మాట ఎత్తవు. మనమైనా ఎత్తాలి.

పల్లెలకు మొదట వచ్చింది కతోలికులు కాదు. 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నల్గొండకు వచ్చింది. పాలమూరు, దేవరకొండ వైపు మెనొనైట్ బ్రదరన్ వాళ్ళు వచ్చారు. కతోలిక గురువులు, సిస్టర్లు మన ఎత్తు నేలల పల్లెల్లో గట్టిగా నిలదొక్కుకున్నది చాలావరకు స్వాతంత్ర్యం తర్వాతే. 1952 చివర వరంగల్ మేత్రాసనం ఏర్పడింది, 1976లో నల్గొండ మేత్రాసనం. ఇటలీ ఫాదర్ల వెనక కేరళ సిస్టర్లు వచ్చారు. పదహారు, పదిహేడేళ్ళకు ఇల్లు విడిచి, తెలుగు రాకుండా, కరువు నేలకు వచ్చిన ఆడపిల్లలు వాళ్ళు. బడి కంటే ముందు వాళ్ళు పెట్టింది మందుల గది. కాన్పులు చేశారు, గజ్జికి మందు రాశారు. తర్వాత బోర్డింగు పెట్టారు.

బోర్డింగు ఎందుకంత ముఖ్యమో ఈ ప్రాంతం వాళ్ళకు నేను చెప్పక్కరలేదు. 1971లో మన పక్కనే సర్వేలులో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా గురుకుల పాఠశాల వచ్చింది. రాష్ట్రమంతా దాని గురించి గొప్పగా చెప్పుకుంది. అది మగపిల్లలది. కూలికి పోయే తల్లి, ఎదిగే కూతురిని నాలుగు మైళ్ళు నడిపించి హైస్కూలుకు పంపాలంటే ఎట్లా పంపుతుంది? 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదువు వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. నల్గొండ జిల్లాలో 25 మంది దాకా, మహబూబ్‌నగర్‌లో 18 మంది. బోర్డింగు లేకుంటే ఆ 25 మందిలో నేను ఉండేదాన్ని కాను.

మా అవ్వ నన్ను బోర్డింగులో వేయడానికి తీసుకుపోయిన రోజు నాకు బాగా గుర్తు. ఒక మూట, ఒక ఇనుప ట్రంకు పెట్టె. సిస్టరమ్మ రిజిస్టరు తెరిచి, 'మతం ఏమని రాయాలమ్మా?' అని అడిగింది. మా నాయినమ్మ కాలంలోనే మా ఇంట్లో జ్ఞానస్నానం తీసుకున్నారు. మా అవ్వ కాసేపు ఊరుకుని, 'అమ్మా, ఏది రాస్తే నా బిడ్డకు బువ్వా సదువూ దొరుకుతదో అది రాయుండ్రి' అన్నది. సిస్టరమ్మ నవ్వలేదు. 'అబద్ధం రాయలేను గదమ్మా' అని, క్రైస్తవం అని రాసింది. ఆమె తప్పేమీ చేయలేదు, ఉన్నదే రాసింది. కానీ ఆ ఒక్క మాటతో పక్క గడి మారిపోయింది.

ఎట్లా మారిందో చెప్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులం కింద రాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మా పెద్దమ్మ కూతురు సర్కారు బడిలో చేరింది. ఇద్దరిదీ ఒకే వాడ, ఒకే బావి, హోటల్లో ఒకే రెండో గ్లాసు. రిజిస్టరులో ఆమె ఎస్సీ, నేను బీసీ-సీ. సంక్షేమ హాస్టలు ఆమెకు వచ్చింది, స్కాలర్‌షిప్పు వచ్చింది. నాకు బోర్డింగు ఉంది కనుక పది దాకా గడిచింది. తర్వాత కాలేజీ చదువుకు ఆమె ముందుకు పోయింది, నేను ఆగిపోయాను.

స్కాలర్‌షిప్పు సంగతి పోనీ అనుకుందాం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం సంగతి చూడండి. చేను గట్టు మీద మా ఇద్దరినీ ఒకే మనిషి కులం పేరు పెట్టి తిట్టి కొంగు పట్టుకుంటే, ఆమె కేసు ఆ చట్టం కింద నిలుస్తుంది. నాది నిలవదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే చెప్పింది, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఆ చట్టం కింద రక్షణ కోరలేడని. తిట్టేవాడు మన జ్ఞానస్నానం పత్రం చూసి తిట్టడు కదా. మన మహిళా సంఘాలు అత్యాచారం కేసులు పట్టుకున్నప్పుడు మొదటిరోజే బాధితురాలి బడి రిజిస్టరు గురించి అడగండి. అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు.

దీని మీద పోరాటం లేక కాదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని చెప్పింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మళ్ళీ కమిషన్ వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఈలోగా మన తల్లులు తమకు తోచిన తోవ పట్టారు. ఇంట్లో మేరీ, బడిలో లక్ష్మి. మన కార్యకర్తలే కొందరు వీళ్ళను 'రెండు నాల్కలవాళ్ళు' అని ఎగతాళి చేయడం విన్నాను. నాకు కోపం వస్తుంది. రెండు పేర్లు పెట్టుకోవలసిన అవసరం తల్లి తెచ్చిపెట్టుకున్నది కాదు.

ఇప్పుడు బడుల లోపలి మాట. నేను చదివిన చోట ఒకే ఆవరణలో రెండు బడులు. ముందు ఇంగ్లీషు మీడియం, ఫీజు కట్టేవాళ్ళది. వెనక తెలుగు మీడియం, మాది. పొద్దున్నే ముందువైపు ఆవరణ ఊడ్చేది వెనకవైపు పిల్లలం. ప్రార్థనలో మాత్రం దేవుని ముందు అందరూ సమానమే అని చెప్పేవాళ్ళు. ఒకరోజు నేను చీపురు పట్టుకుని అడిగాను, 'సిస్టర్, ముందు బడి పిల్లలు ఎన్నడన్నా మా దిక్కు ఊడుస్తరా?' అని. దెబ్బలు పడలేదు గానీ, ఆ ఆదివారం సినిమా చూపించలేదు. రుణం రుణమే, చీపురు చీపురే. నాకు అక్షరం ఇచ్చిన చోటు గురించి నిజం చెప్తే కృతఘ్నత అవుతుందని నేను అనుకోను.

సిస్టర్ల గురించి కూడా మనం ఆడవాళ్ళుగా ఆలోచించాలి. పేదరిక వ్రతం తీసుకున్నందువల్ల వాళ్ళ జీతం వాళ్ళ చేతికి రాదు, మఠానికి పోతుంది. ఆ జీతం మీద ఆదాయపు పన్ను కోయవచ్చని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బడి నడిపేది వాళ్ళు, విచారణలో మాట చెల్లేది ఫాదరుది, పైన మేత్రాణులది. మనం ఇంట్లో చూసే పితృస్వామ్యం మఠం గోడ దగ్గర ఆగిపోలేదు. ఈ విషయం చాలామంది సిస్టర్లకు మనకంటే బాగా తెలుసు. మన సమావేశాలకు వాళ్ళను అతిథులుగా పిలిచి శాలువా కప్పడం మానేసి, తోటి పనివాళ్ళుగా కూర్చోబెట్టుకుంటే మంచిది.

1980ల నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2004 తర్వాత కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. పేద ఆడపిల్లలు అటు పోయారు, పోవాలి కూడా. అది సర్కారు బాధ్యత. తెలుగు మీడియం బోర్డింగులు పలుచబడ్డాయి. ఇంగ్లీషు మీడియం నిలిచింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్నారు. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని చెప్పింది. 2025లో అదే కోర్టు ఆ తీర్పును మళ్ళీ చూడాలని పెద్ద ధర్మాసనానికి నివేదించింది. 30వ అధికరణం ఇచ్చిన మైనారిటీ హక్కును నేను గౌరవిస్తాను, అది ఉండాలి. కానీ మా వాడ కూడా ఆ మైనారిటీలో భాగమే. మా జనం సంఖ్య చూపించి తెచ్చుకున్న హక్కుతో మా పిల్లకే సీటు లేదంటే ఎట్లా? ఈ ప్రశ్న కోర్టులో కంటే ముందు గుడి మెట్ల మీద అడగాలి, ఆదివారం పూజ అయిపోయి అందరూ బయటికి వచ్చినప్పుడు.

చివరగా ఒక పని. మీ మీ ఊళ్ళలో పాత బోర్డింగుల్లో చదివిన ఆడవాళ్ళు యాభై, అరవై ఏళ్ళకు వచ్చారు. వాళ్ళ మాటలు రాసి పెట్టండి. ఏ గడిలో ఏమి రాయించారు, ఎందుకు రాయించారు, ఎవరు చెప్తే రాయించారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు. పేర్లు అచ్చు వేయవద్దు. వాళ్ళ పిల్లల సర్టిఫికెట్లకు ముప్పు రావచ్చు.

పోయిన నెల మా వాడలో ఒక చెల్లె నా దగ్గరికి వచ్చింది. బిడ్డను ఆరో తరగతిలో చేర్పించాలి. ఫారం నా ముందు పెట్టి, 'అక్కా, మతం గడి కాడ ఏం రాయాలె?' అన్నది. ఏది రాస్తే ఏమవుతుందో మొత్తం చెప్పాను, నేను మాత్రం రాయను, నువ్వే రాయాలి అన్నాను. చాలాసేపు కూర్చుంది. తర్వాత తండ్రి పేరు, తల్లి పేరు నింపింది, సంతకం పెట్టింది. ఆ గడి ఖాళీగానే ఉంచి, ఫారం మడిచి రొండిన దోపుకుని, 'రేపు సారు అడిగితే సూస్త' అని లేచిపోయింది.