చెడిన డిస్కును తీయుట

బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు నేడు ఎచ్చట నుండునని యడిగినచో, కంప్యూటరులో అని శ్రోతలు చెప్పుదురు. అది సగము నిజమే. పెద్ద సంస్థలలో ఒక్కొక్క యంత్రముపై పలు వర్చువల్ కంప్యూటర్లు నడచుచుండును. వాని సమాచారమంతయు అనేక యంత్రములందలి డిస్కులు కలసి యేర్పడిన ఉమ్మడి భాండారమున నుండును. దీనిని క్లస్టరు అందురు. వందల కొలది డిస్కులున్నచోట ఏదో యొకటి చెడుట వింత కాదు. అది చెడుట కంటె, దానిని తొందరపడి పెరికివేయుటయే ఎక్కువ ప్రమాదకరము.

సెఫ్ అను భాండార వ్యవస్థను చూతము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటాక్రూజ్ శాఖలో సేజ్ వైల్ అను పరిశోధకుడు దీనిని రూపొందించెను. దీనిని వివరించు వ్యాసము 2006లో వెలువడినది. సాధారణముగా ఇది ప్రతి సమాచార ఖండమునకు 3 ప్రతులు చేసి, మూడు వేర్వేరు యంత్రములలో నుంచును. తాళపత్ర గ్రంథమునకు ప్రతులు వ్రాయించి మూడు ఊళ్లలో దాచినట్లే. ఒకదానికి చెదలు పట్టినను, తక్కినవాని నుండి మరల వ్రాసికొనవచ్చును.

డిస్కు పలుకుట మానిన పిమ్మట సెఫ్ 10 నిమిషములు వేచియుండును. తీగ వదులైనదేమో, యంత్రము మరల మొదలగుచున్నదేమో యని. అప్పటికిని పలుకనిచో దానిని లెక్కనుండి తప్పించి, మిగిలిన ప్రతుల నుండి క్రొత్త ప్రతులను వేరు డిస్కులపై చేయ నారంభించును. దీనికి గంటలు పట్టవచ్చును. అంతవరకు నిర్వాహకునకు ముఖ్యకార్యము ఊరకుండుటయే!

అయితే చోటు చాలవలెను గదా. యంత్రములు మూడే యుండి, ఒక్కొక్కదానిలో 4 డిస్కులు 70 శాతము నిండియున్నవనుకొందము. ఒకటి పోయినచో, తక్కిన రెండు యంత్రములలో ఇదివరకే ఒక్కొక్క ప్రతి యున్నది గనుక, దాని బరువంతయు సొంత యంత్రములోని మూడు డిస్కులపైననే పడును. అవి 93 శాతము నిండవలెను. కాని 90 శాతము చేరగనే సెఫ్ ప్రతులు నింపుట ఆపును. 95 చేరినచో క్రొత్త వ్రాతయే నిలిచిపోవును. ఖాళీ చోటు వృథా యని వాదించువారికి ఈ లెక్క చూపదగినది.

ప్రతులన్నియు పూర్తియైన పిదప, ఈ డిస్కును తొలగించిన నష్టము లేదా యని క్లస్టరునే అడుగవచ్చును. సేఫ్ టు డిస్ట్రాయ్ అను ఆజ్ఞ అందులకే యున్నది. అనుకూలమైన బదులు వచ్చిన తరువాతనే దాని పేరును పట్టికనుండి కొట్టివేయవలెను.

ఇక చేతిపని. డిస్కులన్నియు ఒకే తీరున కనబడును. గుర్తుదీపమును వెలిగించి, డిస్కుపై ముద్రించిన సంఖ్యను పట్టికతో సరిచూడక చేయి పెట్టరాదు. పొరపాటున అదే యంత్రములోని ప్రక్క డిస్కును లాగినచో, ఇతర యంత్రములలో 2 ప్రతులుండును గనుక గండము గడచును. వేరొక యంత్రములోని మంచి డిస్కును, ప్రతులు పూర్తికాకమునుపే లాగినచో, కొన్ని ఖండములకు ఒక్క ప్రతియే మిగులును. అపుడు సెఫ్ వానిని చదువుటయు వ్రాయుటయు ఆపివేయును. నడిరేయి రోగికి ఈయవలసిన మందు చూడబోయిన నర్సు ఎదుట తెర బిగుసుకొని నిలుచును.

తీసిన డిస్కును పాతసామానుల వానికి అమ్మరాదు. పలుకని డిస్కులోను చదువదగిన సమాచారము మిగిలియుండవచ్చును. దానిని పగులగొట్టించి పంపుట మేలు.