నిల్ ఈసీ చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారా? ఒక్క నిమిషం!

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలోనో, కృష్ణపట్నం పోర్టు వైపు ముత్తుకూరులోనో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చిందనుకోండి. రేటు తక్కువ. ‘డబ్బు అర్జెంటండీ, ఈ వారమే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం’ అంటాడు ఓనర్. ఫోన్‌లో ఈసీ తీస్తే అప్పుల్లేవు. అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా?

ఆగండి. ఈసీలో కనిపించేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డుకెక్కినవే. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకుని, దానికి కాగితం రిజిస్టర్ చేయించకపోతే ఈసీలో ఆ ఊసే ఉండదు. తనఖా మాత్రం ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. లోన్ కట్టక ఎన్‌పీఏ అయితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద బ్యాంకు నోటీసిస్తుంది. 60 రోజుల్లో బాకీ మొత్తం కట్టాలి. ఈ నోటీసు అప్పు తీసుకున్నవాళ్లకి, హామీ ఉన్నవాళ్లకి వెళ్తుంది. కొనేవాళ్లకి ఎవరు చెప్తారు? నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మకూడదని సెక్షన్ 13(13) అంటుంది. అయినా మోసం చేసేవాడికి దొరికే సందు ఈ 60 రోజులే.

ఆ తర్వాత బ్యాంకు స్వాధీనం నోటీసు తలుపుకి అంటిస్తుంది, 7 రోజుల్లోపు రెండు పేపర్లలో వేయిస్తుంది. అందులో ఒకటి స్థానిక భాషది. అప్పటికి మీ డబ్బు ఆయన చేతిలో ఉంటుంది, ఇంటి మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది.

‘నాకు తెలీదు సార్’ అంటే? తనఖాలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ ఒకటుంది, సెర్సాయ్. అందులో ఎక్కిన తనఖా అందరికీ తెలిసినట్టే లెక్క. సెక్షన్ 26సీ ఇదే చెప్తుంది, 2020 జనవరి 24 నుంచి అమల్లో ఉంది. డీఆర్‌టీకి 45 రోజుల్లో వెళ్లొచ్చు గానీ, తెలీదన్న మాట అక్కడ నిలబడటం కష్టం.

అందుకే ఈ నాలుగూ చేయండి.

ఒకటి, జిరాక్స్‌లు కాదు, ఒరిజినల్స్ కళ్లారా చూడండి.

రెండు, సెర్సాయ్ వెబ్‌సైట్‌లో ఆస్తి వివరాలతో వెతకండి. కొద్దిపాటి ఫీజే.

మూడు, ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి ఆఫీసులో అడిగి తీయించండి.

నాలుగు, లోన్ ఉందని తేలితే బ్రాంచికి వెళ్లి బాకీ ఎంతో రాయించుకోండి. డబ్బు నేరుగా లోన్ ఖాతాకే కట్టి, ఒరిజినల్స్ బయటికి వచ్చాకే రిజిస్ట్రేషన్.

పొలాలకి సర్ఫేసీ వర్తించదు. అలాగని తనఖా మాయమవదు, బ్యాంకు కోర్టుకెళ్తుంది.

ఇల్లు వెతుకుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ వీడియో పంపండి. ఉంటా మరి.