చలికాలపు మబ్బు – గుమాస్తా రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులున్నారు. నేను మబ్బుల గురించి మాట్లాడతాను. నవ్వకండి.

మన ఉద్దానంలో పుష్య, మాఘ మాసాల్లో జీడితోటలు పూతమీద ఉంటాయి. అప్పుడు వరసగా నాలుగు రోజులు మబ్బు వేస్తే ఇంటిల్లిపాదికీ దిగులే. దోమ పడుతుంది, పూత మాడుతుంది. తర్వాత ఎండ కాస్తుంది. నెలా నెలన్నరకు మళ్లీ ముసురు. అంతా దైవాధీనమనుకునేవాళ్లం.

ఇందులో కొంత లెక్క ఉందని 1971లో అమెరికా శాస్త్రజ్ఞులు రోలండ్ మాడెన్, పాల్ జూలియన్ బయటపెట్టారు. పసిఫిక్ సముద్రంలో కాంటన్ అనే చిన్న దీవిలో రోజూ బెలూను ఎగరేసి రాసిన దాదాపు పదేళ్ల లెక్కలు ముందేసుకుని చూశారు. గాలి 40, 50 రోజులకొకసారి అటూ ఇటూ ఊగుతోంది. తర్వాత తేలిందేమంటే, హిందూ మహాసముద్రం మీద పెద్ద మబ్బుల గుంపు పుట్టి, భూమధ్యరేఖ వెంట తూర్పుకు సెకనుకు సుమారు 5 మీటర్లు, అంటే మన సైకిలు వేగాన సాగిపోతుంది. 30 నుంచి 60 రోజులకు ఒక చుట్టు. చలికాలంలోనే దీని జోరెక్కువ. దీనికి మాడెన్-జూలియన్ డోలనమని పేరు.

ఈ జోరు ఏటా ఒకలా ఉండదు. 20 కిలోమీటర్ల పైన ఒక గాలి ఉంది. తూర్పు నుంచి కొన్నాళ్లు, పడమర నుంచి కొన్నాళ్లు వీచి, సుమారు 28 నెలలకు ఒక చుట్టు పూర్తిచేస్తుంది. అది తూర్పు నుంచి వీచే చలికాలాల్లో మన డోలనం బలంగా ఉంటుంది.

ఇక దీర్ఘకాలపు మార్పు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 1981 నుంచి 2018 వరకు నవంబరు-ఏప్రిల్ నెలల లెక్కలు తీసి 2019లో ప్రకటించింది. హిందూ మహాసముద్రం మీద సగటున 19 రోజులుండే ఈ మబ్బు 15 రోజులకు తగ్గింది. ఇండోనేషియా, పశ్చిమ పసిఫిక్ వైపు 5, 6 రోజులు పెరిగింది. అక్కడి వెచ్చని నీళ్ల మేర దాదాపు రెట్టింపు కావడమే కారణం. ఉత్తర ఆస్ట్రేలియాలో వాన పెరిగింది, మన ఉత్తర భారతంలో చలికాలపు వాన తగ్గింది.

"మబ్బు తగ్గితే జీడికి మంచిదే కదా అన్నయ్యా" అన్నాడు మా తమ్ముడు. సగటు వేరురా, మన తోట వేరు అన్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. మా నాన్నగారు నాటిన కొబ్బరిచెట్లు పొద్దుటికి నేలమీదున్నాయి. ఏ సగటు వాటిని నిలబెడుతుంది?

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో వర్షమాపకం రిజిస్టరు నా బల్లమీదే ఉండేది. ఉదయం 8.30కి నీళ్లు కొలపాత్రలో పోసి మిల్లీమీటర్లు రాయాలి. వానాకాలంలో శ్రద్ధగానే రాసేవాణ్ణి. చలికాలంలో మాత్రం, ఆ మంచులో ఎవడు వెళ్తాడని, వారానికి సరిపడా 'నిల్' ఒకేసారి రాసి సంతకం చేయించేవాణ్ణి. ఒక జనవరి రాత్రి మా కళ్లంలో ధాన్యం తడిసింది. ఆ తేదీకీ నిల్లే!

కాంటన్ దీవి సంగతి చదివినప్పుడు ఆ పేజీ కళ్లకు కట్టింది. అక్కడ కూడా నాబోటివాడే ఉండి, బెలూను ఎగరేయకుండానే అంకెలు వేసి ఉంటే?

తిత్లీ తర్వాత మా డాబామీద ఒక వర్షమాపకం పెట్టుకున్నాను. బడికి వెళ్లేముందు మనవరాలు చూసి చెబుతుంది. "తాతా, నిల్" అంటే, "వెళ్లి చూశావా?" అని అడుగుతాను. మొన్న 3 మిల్లీమీటర్లు పడింది.

ఆ రిజిస్టరు వెంట తెచ్చాను. కాఫీల వేళ చూడదలచినవారు చూడవచ్చు. సెలవు.