రిపోర్టుకీ పింఛనుకీ మధ్య
(ఉద్దానం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం ఏ రోజు పెట్టాలన్న దగ్గరే మన కమిటీలో గంటసేపు తగువు నడిచింది. సోమవారం, గురువారం ఒక బ్యాచి డయాలసిస్‌కి పోవాలి. మంగళవారం, శుక్రవారం ఇంకో బ్యాచి. బుధవారం, శనివారం మూడో బ్యాచి. మిగిలింది ఆదివారం. అదీ ఎండ ముదరకముందే అయిపోవాలని పొద్దున్న ఏడింటికి పెట్టాం. ఇరవై ఏళ్ల కిందట సంఘం సమావేశానికి రోజు చూడాలంటే నాట్లు, కోతలు, సంతలు చూసుకునేవాళ్లం. ఇప్పుడు ఆస్పత్రి మంచాల లెక్క చూసుకుంటున్నాం.

జీడి పిక్కల ధర గురించి మాట్లాడతారని వచ్చినవాళ్లున్నారు. అదీ మాట్లాడదాం, దీని తర్వాత. ముందు మన వయసు గురించి, మన ఒంటి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. రైతు సంఘంలో ఇదేం మాట అని ఎవరికైనా అనిపిస్తే, కాస్త ఓపిక పట్టండి.

కిడ్నీ జబ్బు గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్లో ఏ వీధిలోకెళ్లినా ఎవరింట్లో ఉందో చెప్పగలం. వేరే చోట షుగరు, బీపీ ఏళ్ల తరబడి ముదిరి కిడ్నీని తింటాయి. మన దగ్గర చాలామందికి షుగరు లేకుండానే వచ్చింది. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండన్నారు, వంశమన్నారు. ఇదే కారణమని ఇప్పటిదాకా ఏ ఒక్కటీ తేలలేదు.

అయితే ఒకటి మారింది. మన నాన్నల తరంలో కాళ్లు వాచి, అన్నం సహించక, విశాఖ కేజీహెచ్‌కి మోసుకెళ్లేసరికే అంతా అయిపోయేది. ఇప్పుడు పలాసలో, సోంపేటలో, కవిటిలో డయాలసిస్ ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ల పైపులు వేశారు. ఎవరి హయాంలో వచ్చాయన్న తగువు నాయకులకి వదిలేద్దాం. అడిగింది మనం, రోడ్డెక్కింది మనం. ఫలితం ఏటంటే, జబ్బుతోనే మనం ముసలివాళ్లం అవుతున్నాం. ఇది మనకి కొత్త. ఈ జబ్బుతో మనుషులు పోవడం చూశాం గానీ, జబ్బుని పెట్టుకుని పదేళ్లు సేద్యం చేయడం ఎలాగో మనకి చెప్పినవాళ్లు లేరు.

నలభై ఎనిమిదేళ్ల రైతుని ఊహించుకోండి. ఊహించుకోవడమేటి, మీ పక్కనే కూర్చుని ఉంటాడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2 దాటింది. డాక్టరు మూడో స్టేజీ అన్నాడు. ఎండలో ఎక్కువ సేపు ఉండొద్దు, ఒళ్లు నొప్పుల బిళ్లలు మింగొద్దు, ఉప్పు తగ్గించు, బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు, మూడు నెలలకోసారి రా అన్నాడు. అన్నీ మంచి మాటలే. ఎండలోకి వెళ్లకపోతే ఇల్లెలా గడుస్తుందో మాత్రం చెప్పలేదు. అది డాక్టరు పని కాదు. మరి ఎవరి పని?

లెక్క చూద్దాం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. డయాలసిస్ మొదలవకపోయినా, క్రియాటినిన్ 5 దాటి కిడ్నీ పని పదిహేను వంతుల లోపుకి పడిపోయిన వాళ్లకీ ఉంది. ఇది మంచిదే, ఇంకా ఎక్కువే రావాలి. వృద్ధాప్య పింఛను 4,000, దానికి 60 ఏళ్లు నిండాలి. కేంద్రం 2019లో చిన్న రైతులకని మాన్‌ధన్ పింఛను పెట్టింది, అందులో చేరాలంటే 40 ఏళ్ల లోపు ఉండాలి. ఆ బండి వచ్చేసరికే మన ఈడు వాళ్లం స్టేషను దాటిపోయాం. కిసాన్ సమ్మాన్ ఏడాదికి 6,000, అది పట్టా ఉన్నవాడికి. కౌలుకి చేసేవాడికి అదీ లేదు.

క్రియాటినిన్ 2 నుంచి 5కి పోవడానికి కొందరికి రెండేళ్లు పడుతుంది, జాగ్రత్తగా ఉంటే కొందరికి పదేళ్లు దాటుతుంది. ఆ కాలమంతా మనం రోగులమే, కానీ పింఛను కాగితాల్లో రోగులం కాము. ముసలితనం ఒంట్లోకి వచ్చేసింది, ఆధార్ కార్డులోకి రాలేదు. పాసు పుస్తకంలో ఇంకా గట్టి రైతులమే. అప్పు పుట్టాల్సింది, పిల్ల పెళ్లి చేయాల్సింది, తోట నిలబెట్టుకోవాల్సింది సరిగ్గా ఆ ఏళ్లలోనే.

పోయిన నెల ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు ఒక ఇంట్లో విన్న మాట చెప్పాలి. ఆయనకి యాభై నాలుగు. తోట ఎకరంన్నర. మంచం మీద పడుకుని ఉన్నాడు. ఎలా ఉందమ్మా అని అడిగితే ఆవిడ, "ఇంకా నాలుగూ ఆరు దగ్గరే ఉంది అన్నయ్యా, అయిదు దాటలేదు" అంది. మాకు వెంటనే అర్థం కాలేదు. దాటకపోవడం మంచిదే కదమ్మా అన్నాం. "దాటితే పింఛను వస్తుందన్నారు కదా" అంది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మొగుడి మందులకి చెవుల దిద్దులు తాకట్టు పెట్టిన మనిషి. కిడ్నీ పూర్తిగా పోతేనే ఇంటికి పైసా వచ్చేలా కాగితం రాస్తే, ఏ ఇల్లాలైనా ఆ అంకె కోసం ఎదురుచూడదా? జబ్బు ముదరకుండా ఆపుకున్నవాడికి ఏమీ లేదు, ముదిరినవాడికే ఉంది. ఈ రాత మారాలి. మూడో స్టేజీ దగ్గరే, తక్కువైనా సరే, మొదలవ్వాలి. ఆ డబ్బుతో రైతు మధ్యాహ్నం ఎండలో కూలి పెట్టుకుంటాడు, తను నీడన ఉంటాడు. డయాలసిస్ అయిదేళ్లు వెనక్కి జరిగినా ప్రభుత్వానికి ఖర్చు తగ్గుతుందే గానీ పెరగదు.

ఇక మన తప్పులు కూడా చెప్పుకోవాలి. రిపోర్టు దాచుకుంటున్నాం. పిల్లకి సంబంధం కుదిరేదాకా బియ్యం డబ్బాలో రిపోర్టు పెట్టిన ఇళ్లు ఎన్ని లేవు? కిడ్నీ ఇల్లు అన్న పేరు వస్తే ఎవరూ గడప తొక్కరన్న భయం. భయం ఉత్తిది కాదు, చూశాం. కానీ ఈ జబ్బు నొప్పి పెట్టదు. కిడ్నీ సగం పని మానేసేదాకా క్రియాటినిన్ కూడా పెద్దగా కదలదు. దాచుకున్న రెండేళ్లే మందులు బాగా పనిచేసే రెండేళ్లు.

రెండోది నొప్పుల బిళ్ల. రోజంతా కాయలు మోసి, కంచె కట్టి, రాత్రికి నడుం పట్టేస్తుంది. యాభై దాటాక పట్టకుండా ఎలా ఉంటుంది? మందుల షాపులో రెండు బిళ్లలు, లేదంటే వీధి చివర ఒక ఇంజెక్షన్. పొద్దున్నకి లేచి పనికి పోతాం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇలాంటివి కిడ్నీకి నేరుగా దెబ్బ. ఎండకి ఒళ్లెండి ఉన్నప్పుడు వేసుకుంటే ఇంకా దెబ్బ. నొప్పికి కాపడం పెట్టుకుందాం, తప్పదనుకుంటే ఆస్పత్రిలో అడిగి వేరే బిళ్ల రాయించుకుందాం. ఇది విన్నవాళ్లు ఇంటికెళ్లి చెప్పండి, మన కుర్రాళ్లకి మరీ చెప్పండి.

తోట సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. దానికి అయిదేళ్ల ముందు ఫైలిన్. తిత్లీకి పడిపోయిన కొబ్బరి చెట్లు మన తాతలు వేసినవి. నరికి, మొద్దులు తవ్వి, అప్పు చేసి మళ్లీ మొక్కలు వేశాం. మన నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఇప్పుడు కాయ పడుతోంది. మొక్క నాటిన చేతికి ఈలోపు ఫిస్టులా వేశారు. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి సూది వేయనివ్వకూడదు, బీపీ పట్టీ కట్టనివ్వకూడదు. గెల దింపేవాడికి కూలి ఇవ్వాలి, కాయ ఏరేవాళ్లకి ఇవ్వాలి, మోసేవాడికి ఇవ్వాలి. కుర్రాళ్లు హైదరాబాద్, ముంబయి, గల్ఫ్ పోయారు. పోవద్దని చెప్పే మొహం మనకి లేదు.

ఇంకో వింత చూడండి. మన తోటలో పండేదే మన నోటికి పనికిరాదు. కొబ్బరి నీళ్లు, పనస తొన, అరటి పండు, వీటిలో పొటాషియం ఎక్కువ. జబ్బు ముదిరినవాడు, డయాలసిస్ మీదున్నవాడు ఇవి తింటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. వేసవిలో చుట్టం వస్తే బొండాం కొట్టి ఇచ్చి, మనం పక్కన కూర్చుని చూస్తాం. ఎండుచేప, ఊరగాయ ఉప్పు వల్ల పోయాయి. ఒకే ఇంట్లో తండ్రికి రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లో లెక్కపెట్టి ఇవ్వాలి, ఎండలో పనికెళ్లే కొడుకు మాత్రం మూడు నాలుగు లీటర్లు తాగాలి. ఇద్దరికీ ఒకే మాట చెబితే ఒకరికి నష్టం. నీళ్లు తక్కువ తాగమని డాక్టరు చెప్పింది రోగికే, ఇంటిల్లిపాదికీ కాదు.

అక్కచెల్లెళ్ల మాట వేరుగా చెప్పాలి. డయాలసిస్ రోజు మొగుడితో ఆస్పత్రికి పోయేది ఆవిడే. మంచం పక్కన నాలుగు గంటలు, దారికి రెండు గంటలు, తిరిగొచ్చి పశువులు, వంట. ఆవిడ రక్తం ఎవరు పరీక్ష చేయించారు? మేం తిరిగిన ఇళ్లలో ఆడవాళ్లని అడిగితే ఎక్కువమంది "నాకేటి, బాగానే ఉన్నాను" అన్నారు. జీడి పిక్కలు ఒలిచే పనికెళ్లే చోట మరుగుదొడ్డి సరిగ్గా లేక, మాటిమాటికీ లేవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్లే తాగని వాళ్లున్నారు. మరుగుదొడ్డి అడగడం కూడా కిడ్నీ కోసం చేసే పోరాటమే.

ఈ జబ్బు మన ఒక్కళ్లదే అనుకుని కుంగిపోకూడదు. శ్రీలంకలో అనురాధపురం, పొలొన్నరువ వైపు వరి రైతులకి ఇలాగే షుగరు లేకుండా కిడ్నీలు పోయాయి. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లో చెరకు నరికే కూలీలకి పోయాయి. వాళ్లదీ మనదీ అచ్చంగా ఒకటే జబ్బని అనం. కానీ అందరూ ఎండలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లే. అక్కడ కూలీలు గొడవ చేశాక, కొన్ని చెరకు మిల్లుల్లో నీళ్లు, విశ్రాంతి, నీడ అన్న పద్ధతి తెచ్చారు. నీళ్లు కూలీ ఉన్న చోటికే తెస్తారు. పని మధ్యలో ఆపి కూర్చోబెడతారు. చెట్టు లేని పొలంలోకి గుడారం మోసుకెళ్తారు. పద్ధతి గట్టిగా నడిపిన చోట ఎండకి కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. ఇందులో మనకి చేతకానిదేటి ఉంది? ఉపాధి పనుల దగ్గర తాగునీరు, నీడ, మందుల పెట్టె ఉండాలని 2005 చట్టంలోనే రాశారు. ఎన్ని చోట్ల నీడ చూశాం? మన తోటల్లో మనం పెట్టిన కూలీలకి మనం ఎంత నీడ ఇస్తున్నాం? ఈ ప్రశ్న మనకి కూడా.

2010లో సోంపేట బీల కోసం ఈ ఊళ్లు నిలబడ్డాయి. అప్పుడు ముందు వరసలో ఉన్నవాళ్లలో కొందరు ఇవాళ ఈ సభకి ఆటోలో వచ్చి, కుర్చీలో కూర్చుని వింటున్నారు. వాళ్లని మళ్లీ ఎండలో ధర్నాకి రమ్మనం. కాగితం పని వాళ్లు చేయొచ్చు.

ఆ కాగితం పని ఇది. ఊరికో నోటుబుక్కు పెడుతున్నాం. అందులో క్రియాటినిన్ 2 నుంచి 5 మధ్య ఉన్నవాళ్ల వయసు, స్టేజీ, భూమి ఉందా, కౌలా, ఏడాదిలో ఎన్ని రోజులు పనికి పోలేకపోయారు, ఇవే రాస్తాం. పేరు రాయడం మీ ఇష్టం. పేరు వద్దంటే అంకె వేస్తాం. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లవాళ్లు భయపడక్కర్లేదు, పుస్తకం ఆ ఊరి మన మనిషి దగ్గరే ఉంటుంది. ఆ లెక్క తీసుకుని జిల్లా కలెక్టరు దగ్గరికి పోదాం. ఉత్తి మాటలతో పోతే చూద్దాం అంటారు.

ఇంకోటి మన చేతుల్లో ఉన్నది. పూర్వం నాట్లకి ఒకరికొకరు బదులు వెళ్లేవాళ్లం. డయాలసిస్ రోజు ఆ ఇంటి పశువులకి గడ్డి, తోటకి నీళ్లు పక్కింటివాళ్లు చూడటం కొన్ని ఊళ్లలో మొదలైంది. ఆ ఇంటివాళ్లు బదులుగా కాయలు ఒలిచి ఇస్తున్నారు, కూర్చుని చేసే పనే కాబట్టి. మిగతా ఊళ్లవాళ్లు ఎలా చేస్తున్నారో వాళ్లని అడగండి, వాళ్లూ ఇక్కడే ఉన్నారు.

ఇప్పుడు తొమ్మిది కావస్తోంది, ఎండెక్కుతోంది. జీడి ధర మాటలు పాక లోపల కూర్చుని మాట్లాడుకుందాం. నోటుబుక్కుల కోసం ఊరికొకరు టేబులు దగ్గరికి రండి. రేపు సోమవారం బ్యాచి ఉన్నవాళ్లు భోజనాలకి ముందు కూర్చోండి. ఉప్పు వేయని కూర మూత మీద సున్నం బొట్టు పెట్టిన గిన్నెలో ఉంది.