ఎన్నికలలో పరుషవాక్కులు

పంచాయతీ సభ్యులారా,

ఎటూ తేల్చుకొననివారి ఓట్లకై ప్రత్యర్థిని దూషింపవలెనని కొందరనుచున్నారు. మేము అంగీకరింపము. 1955 నాటి ఆంధ్ర శాసనసభ ఎన్నికలను తలచుకొనుడు. అప్పటికి ఒంగోలు ప్రాంతమును గుంటూరు జిల్లాలోనిదే. ఉభయపక్షముల ప్రచారము మిరపఘాటును మించినది. కమ్యూనిస్టులకు నూటికి సుమారు 31 ఓట్లు వచ్చినను, 196 స్థానములలో దక్కినవి 15 మాత్రమే. కాంగ్రెసు, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఏకమై నిలుచుటయే అందులకు ముఖ్యకారణము, తిట్లు కావు.

గ్రామపంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులైనను లేవు. తిట్టినవాడును తిట్లు తిన్నవాడును మరునాడు ఒకే కాలువ నీటికి వంతు చూచుకొనవలసినవారే. తటస్థుడైన రైతు మిరపకల్లమునకు బాట వేయించువాడెవడని చూచును. పంచాయతీ లెక్కలను గట్టిగా నిలదీయుడు; ఇంటిగుట్టు మాత్రము ఎత్తకుడు. శాసనసభ ఎన్నికలలోనైతే, అభ్యర్థి శీలమును గూర్చి తెలిసి అబద్ధము ప్రచురించుట 1951 చట్టము ప్రకారము అక్రమాచరణము. గెలిచిన ఎన్నికయే రద్దు కావచ్చును.